వదిలిన లెక్క సరే, పట్టిన లెక్కేదీ?

శ్రీశైలం వెనుక జలాల ఒడ్డున బతికేవారికి అలివి వలల గురించి మేం కొత్తగా చెప్పేదేమీ లేదు. వందల మీటర్ల పొడవు, దోమతెరంత సన్నటి కన్ను. చుట్టేసి ఒడ్డుకు లాగితే వేలెడంత చేపపిల్ల కూడా మిగలదు. అవన్నీ గట్టు మీద ఎండి, మూటలై లారీ ఎక్కుతాయి. ఆ వలలు వాడకూడదని తెలియని అధికారి లేడు.

అదే నీళ్లలో సర్కారు చేపపిల్లలు వదులుతుంది. ఎన్ని లక్షలు వదిలారో ప్రెస్ నోట్ వస్తుంది, వెనకే ఫొటో వస్తుంది. వాటిలో ఎన్ని బతికాయో, ఎన్ని కిలోకి తూగాయో, ఎన్ని అలివి వలలో పడ్డాయో చెప్పే నోట్ మాత్రం మా డెస్కుకు ఇంతవరకూ రాలేదు.

ఆ లెక్క తెలిసిన మనిషి తెల్లారకముందే పుట్టి (గుండ్రటి బుట్ట పడవ) ఎక్కుతాడు. వరద నీళ్లు వచ్చినప్పుడు బొచ్చె, శీలావతి ఎటు ఎదురెక్కుతాయో, సంగమేశ్వరం గుడి మునిగాక ఏ వాగు మూతి దగ్గర పిల్ల చేరుతుందో అతనికి తెలుసు. జిలేబీ చేప పెరిగి జెల్ల తగ్గితే ముందు తెలిసేది అతని వలకే. అతన్ని అడిగేదెవరు? నదులు, జలాశయాల చేపల మీద పరిశోధనకు 1947లో మొదలై, ఇప్పుడు బెంగాల్‌లోని బారక్‌పూర్‌లో ఉన్న కేంద్ర సంస్థ సిఫ్రీకి బెంగళూరులోనూ కేంద్రం ఉంది. కర్నూలులో రాత్రి బస్సెక్కితే తెల్లారేసరికి దిగొచ్చు. ముత్తుకూరులో మన మత్స్య కళాశాలే ఉంది. మధ్యలో ఉన్నది దూరం కాదు, పట్టనితనం.

సిబ్బంది చాలరని, మత్స్యకారులు నిజం చెప్పరని ఆఫీసుల మాట. కొంత నిజమే. పట్టిన బరువు చెబితే లైసెన్సుకు ఎసరొస్తుందని భయపడేవాడు నిజమెందుకు చెబుతాడు? లెక్క రాసినందుకు కేసు ఉండదని ముందు చెప్పండి. సంఘానికో పుస్తకం ఇవ్వండి: ఏ రోజు, ఏ చేప, ఎంత బరువు, వల కన్ను ఎంత. రాసుకుపోయిన శాస్త్రవేత్త మళ్లీ వచ్చి, తేలిందేమిటో అదే ఒడ్డున తెలుగులో చెప్పాలి. కేరళలో శాస్త్రవేత్తల సిఫార్సుతోనే 2017 నాటికి 58 రకాలకు పట్టదగ్గ కనీస సైజు ఖరారైంది. మనకు సైజు సంగతి దేవుడెరుగు, లెక్కే లేదు.

సముద్రంలో ఏప్రిల్ 15 నుంచి 61 రోజులు వేట ఆపితే తీరంలో భృతి ఇస్తారు, మంచిదే. వానాకాలం చేప గుడ్లు పెట్టే రోజుల్లో వల ఎత్తిపెట్టమంటే ఇక్కడి ఇంట్లో పొయ్యి ఎలా వెలగాలి? దీనికీ లెక్క లేదు. శ్రీశైలంలో ఇలా చెల్లిపోతే రేపు గండికోటలో, బ్రహ్మంసాగర్‌లో, జీడిపల్లిలో ఇదే చెల్లుతుంది. చేపపిల్లల్ని వదులుతూనే ఉంటారు, బిల్లులు పాసవుతూనే ఉంటాయి.

వచ్చే వానాకాలం ఫొటో కోసం పడవెక్కే పెద్దలారా, కిందటేడు వదిలినవి ఏమయ్యాయో ఒడ్డున నిలబడ్డ ఆ పుట్టి మనిషిని అడగండి. కెమెరాలు వెళ్లిపోయాక అడిగినా ఫర్వాలేదు.