సవరణ: అరుదైన వ్యాధులకు సాయం 20 లక్షలు కాదు, 50 లక్షల వరకు

మా బాబు గౌచర్ వ్యాధి (పుట్టుకతోనే ఒక ఎంజైమ్ లోపించి కాలేయం, ప్లీహంలో కొవ్వు పేరుకునే అరుదైన జబ్బు) గురించి మొన్న పెట్టిన పోస్టులో, కేంద్రం ఇచ్చే సాయం 20 లక్షలేనని, అదీ ఒకసారి చికిత్సతో సరిపోయే జబ్బులకేనని రాశాను. అది తప్పు. అరుదైన వ్యాధుల కోసం తెచ్చిన 2021 జాతీయ విధానంలో మొదట అలా ఉండేది. 2022లో కేంద్ర ఆరోగ్య శాఖ దాన్ని మార్చింది. ఇప్పుడు, చికిత్స తీరును బట్టి ఆ విధానం విభజించిన మూడు గ్రూపుల్లో ఏ జబ్బయినా ఒక్కో రోగికి 50 లక్షల వరకు ఇస్తారు. డబ్బు మన ఖాతాలో పడదు, ఈ జబ్బుల చికిత్సకి కేంద్రం గుర్తించిన పెద్దాసుపత్రికి, అంటే సెంటర్ ఆఫ్ ఎక్సలెన్స్‌కి వెళ్తుంది. హైదరాబాద్‌లో నిమ్స్, సీడీఎఫ్‌డీ (డీఎన్ఏ పరీక్షల, పరిశోధన సంస్థ) కలిసి ఆ సెంటర్.

అయితే ఇది ఏడాదికి కాదు, మొత్తానికి. గౌచర్ పిల్లలకి రెండు వారాలకోసారి ఎంజైమ్ ఎక్కించాలి, డోసు బరువును బట్టి ఉంటుంది. మందు మొదలయ్యాక మావాడి పొట్ట ఉబ్బు తగ్గింది, చొక్కా కింది గుండీలు పడుతున్నాయి. కానీ పిల్లాడు ఎదిగేకొద్దీ డోసూ ఖర్చూ పెరుగుతాయి, అదీ జీవితాంతం. ఈ పరిమితి మీదే తల్లిదండ్రులు కోర్టులకి వెళ్లారు, అది న్యాయమైన పోరాటం.

నా పోస్టు చూసి ‘మన జబ్బుకి రాదులే’ అని దరఖాస్తు మానుకున్నవాళ్లుంటే, దయచేసి ఆలస్యం చేయకుండా నిమ్స్ మెడికల్ జెనెటిక్స్ విభాగంలో అడగండి.