పది కాపీలు తెచ్చాను, జాబ్ మేళా గారూ

మహారాజశ్రీ జాబ్ మేళా గారి సముఖమునకు,

ఉభయకుశలోపరి. మీరు కుశలమేనని నాకు తెలుసు. సాయంత్రం నేను బయటికొచ్చేటప్పుడు కూడా మీ బ్యానర్ మీద సూటు వేసుకున్న పిల్లలు పొద్దుటి నవ్వే నవ్వుతున్నారు. నా సంగతి అంటారా, కొత్త బూటు కొరికిన మడమకి ప్లాస్టర్ వేసుకుని కూర్చుని ఈ ఉత్తరం రాస్తున్నాను. రాస్తున్నది నా రెజ్యూమె వెనకవైపు. కాగితాలకి కొదవ లేదు. మీ దయవల్ల పదింట్లో తొమ్మిది మిగిలాయి. ఆ పదోదాని సంగతి తర్వాత చెప్తాను.

"కనీసం పది కాపీలు తెచ్చుకోగలరు" అని మీ ఆహ్వానంలోనే ఉంది. మడతలు పడకూడదన్నారు, ఒక్క పేజీ దాటకూడదన్నారు. పేజీ దాటడం నా సమస్య కాదండీ, నిండడం సమస్య. అక్షరాల సైజు పెంచాను, అంచులు జరిపాను, "పుస్తకాలు చదవడం" తీసేశాను, ఖాళీ కనిపించేసరికి మళ్ళీ పెట్టాను. కాలేజీ ఫెస్ట్‌లో రెండు రోజులు గేటు దగ్గర టికెట్లు చింపిన పనికి "నగదు నిర్వహణ, సందర్శకుల సమన్వయం" అని పేరు పెట్టాను. చింపుతున్నప్పుడు అంత పని చేస్తున్నానని నాకే తెలియదు. జెరాక్స్ తీయిస్తే మొదటి కాపీలో సరిగ్గా నా పేరు మీదుగా నల్లటి గీత పడింది. పదీ మళ్ళీ తీయించాను. వాటిని ప్లాస్టిక్ ఫోల్డర్‌లో పెట్టుకుని, బస్సులో ఎవరి మోచెయ్యీ తగలకుండా చంటిబిడ్డని తెచ్చినట్టు తెచ్చాను.

"మీ గురించి ముప్పై సెకన్లలో చెప్పడం అలవాటు చేసుకోండి" అని కూడా అన్నారు. అద్దం ముందు ఫోన్‌లో టైమర్ పెట్టుకుని చెప్పాను. మొదటిసారి నలభై ఏడు సెకన్లు వచ్చింది. కోసుకుంటూ పోతే ఇరవై తొమ్మిదికి దిగింది. అప్పటికి అందులో నేను తప్ప అన్నీ ఉన్నాయి.

అంతటితో ఆగానా? సేల్స్ అసోసియేట్ పని కదా అని షాపు సంగతులన్నీ బట్టీ పట్టాను. ముందొచ్చిన సరుకు ముందు పోవాలి, ఎక్స్‌పైరీ దగ్గరపడ్డవి ర్యాకులో ముందు వరసకి రావాలి. ఏ వస్తువు ఏ అరలో ఎన్ని వరసలు ఉండాలో చూపించే పటాన్ని ప్లానోగ్రామ్ అంటారు. బిల్లు లేకుండా వాపసు ఇవ్వడానికొచ్చి అరిచే కస్టమర్ని మధ్యలో ఆపకూడదు, పూర్తిగా విని, సారీ చెప్పి, అప్పుడు సూపర్‌వైజర్ని పిలవాలి. శని, ఆదివారాలు వస్తారా అంటే వస్తాను. సాయంత్రం షిఫ్టుకైనా వస్తాను. లోకమంతా సెలవు తీసుకునే రోజే మనకి గిరాకీ అని మనసుని ముందే ఒప్పించాను.

ఇక మీ క్యూ. ముందొచ్చిన సరుకు ముందు పోవాలన్న సూత్రం మీ క్యూకి ఎవరూ చెప్పినట్టు లేరు. రెండు గంటల్లో నా ముందు పదహారు మంది ఉన్నవాళ్ళు ఇరవై ఒక్కరయ్యారు.

చివరికి మొదటి స్టాల్ వచ్చింది. నవ్వాను. కళ్ళలోకి చూశాను. రెండు చేతులతో కాగితం చాచాను. బల్ల వెనక ఉన్నావిడ కాగితాన్ని చూడలేదు, నన్నూ చూడలేదు. పక్కనున్న స్టాండ్ వైపు పెన్ను చూపించింది. "క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి ఆన్‌లైన్‌లో అప్లై చేయండి. నెక్స్ట్!"

నాలుగు సెకన్లు. నా ఇరవై తొమ్మిదిలో మిగతా ఇరవై అయిదూ ఇంకా నా దగ్గరే ఉన్నాయి సార్. ఎక్కడ దింపుకోవాలో చెప్పండి.

రెండో స్టాల్‌లోనూ క్యూఆర్ కోడే. మూడో స్టాల్‌లో రెండు కోడ్‌లు, ఒకటి అప్లై చేయడానికి, ఇంకొకటి వాళ్ళ పేజీని ఫాలో కావడానికి. సరే, పెద్దవాళ్ళు చెప్పారు కదా అని ఫోన్ తీశాను. స్టాండ్ మీద ట్యూబ్‌లైట్ వెలుగు సరిగ్గా కోడ్ మధ్యలో పడుతోంది. ఒకసారి వంగి, ఒకసారి మోకాళ్ళ మీద కూర్చుని, ఆ గళ్ళకి నానా రకాలుగా దణ్ణాలు పెట్టాను. కోడ్ దొరికాక నెట్ దొరకలేదు, హాల్లో అందరూ అదే పని మీద ఉన్నారు మరి.

చక్రం తిరుగుతుంటే ఆ క్యూఆర్ కోడ్ పుట్టుపూర్వోత్తరాలు కూడా చదివేశాను. 1994లో జపాన్‌లో డెన్సో సంస్థ ఇంజనీర్లు కార్ల విడిభాగాల లెక్క కోసం కనిపెట్టారట. ఒక్కో పెట్టెకి బోలెడు బార్‌కోడ్‌లు స్కాన్ చేయలేక పనివాళ్ళు అలిసిపోతుంటే, వాళ్ళ శ్రమ తగ్గించడానికి. గట్టి రకం కోడ్ అయితే ముప్పై శాతం దాకా చెరిగిపోయినా చదవడానికి వస్తుందట. నా రెజ్యూమెకి ఒక మూల మడత పడితే పనికిరాదన్నది మీరే కదూ?

బార్‌కోడ్ కథ ఇంకా బాగుంది. 1974 జూన్ 26న అమెరికాలో, ఒహాయోలోని ట్రాయ్ అనే ఊరి సూపర్‌మార్కెట్‌లో మొదటిసారి ఒక చూయింగ్ గమ్ ప్యాకెట్‌ని బిల్లింగ్ కౌంటర్ దగ్గర స్కాన్ చేశారు. గమ్ ప్యాకెట్ ఏం చేసింది? ఊరికే పడుకుంది. క్యాషియరే దాన్ని చేతిలోకి తీసుకుంది. సరుకే ఇస్త్రీ చేసుకుని, బస్సెక్కి వచ్చి, రెండు గంటలు నిలబడి, తనంతట తాను కౌంటర్ని స్కాన్ చేసుకునే చోటు మాత్రం మీదొక్కటే.

ఫారం తెరుచుకుంది. "రెజ్యూమె అప్‌లోడ్ చేయండి" అంది, చేశాను. కింద మళ్ళీ పేరు, చదువు, మార్కులు, చిరునామా, అన్నీ గళ్ళలో కొట్టమంది. ఇప్పుడే కదమ్మా పైన మింగావు! "అనుభవం, సంవత్సరాలలో" అన్న గడి పక్కన చిన్న నక్షత్రం. 0 కొట్టాను. గడి ఎర్రబడింది. "సరైన విలువ ఇవ్వండి." ఫ్రెషర్లకి అని మీరు గోడ మీద రాసిన ఉద్యోగమే ఇది. పెళ్ళయితే గాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గాని పెళ్ళి కాదు. చివరికి 1 కొట్టాను. టికెట్లు చింపిన ఆ రెండు రోజులకీ 363 రోజులు అప్పు తెచ్చి కలిపాను. నా వృత్తి జీవితం అబద్ధంతో మొదలైంది, అది మీ ఖాతాలోనే రాసుకోండి.

ఉద్యోగం అడుగుతూ లియోనార్డో డా విన్చీ అంతటివాడు 1482 ప్రాంతంలో మిలాన్ పాలకుడు లుడోవికో స్ఫోర్జాకి ఉత్తరం రాసుకున్నాడు. వంతెనలు కడతాను, ఫిరంగులు చేస్తాను, సొరంగాలు తవ్విస్తాను అని వరసగా చెప్పి, చివర్లో బొమ్మలు కూడా వేస్తానన్నాడు. మీ ఫారం అయితే ఆయన్ని "ఇతరములు"లో పడేసి, అనుభవం దగ్గర ఎర్రగా మండేది.

సబ్మిట్ నొక్కాను. "మీ దరఖాస్తు అందినది. దయచేసి ఈ మెయిల్‌కు జవాబు ఇవ్వవద్దు."

అయ్యా, మర్యాద చాలు. ఇంట్లో చాప మీద పడుకుని లుంగీలో చేసే పనికి నన్ను ఇస్త్రీ చేయించి ఎందుకు రప్పించారు? పది కాపీలు ఎందుకు తెమ్మన్నారు? నా చేతిలో కాగితం తీసుకునే మనిషి లేనప్పుడు, కళ్ళలోకి చూసి మాట్లాడమని ఎందుకు నేర్పారు? ఇన్ని వందల మంది వచ్చారని రేపు ఫోటో వేసుకుంటారు. ఆ వందల్లో ఒకటి కావడానికా నేను మడమ కోసుకున్నది?

మీరు పంచిన పెన్ను రాయదు. ఉద్యోగం కోసం వస్తే, ఉద్యోగం ఎలా అడగాలో నేర్పే కోర్సు అమ్మజూపిన స్టాల్ గురించి మాట్లాడటం కూడా దండగ. మేళా ఎలా ఉందో చెప్పమని గేటు దగ్గర ఇంకో క్యూఆర్ కోడ్. దానికి ట్యూబ్‌లైట్ అడ్డం లేదు, ఠక్కున తెరుచుకుంది.

అయితే ఒకటి ఒప్పుకోవాలి. ఈ ప్లాస్టర్ క్యూలో నా వెనకున్న అమ్మాయి ఇచ్చింది. తనకిది నాలుగో మేళా అట, బ్యాగులో పట్టీ మొత్తం పెట్టుకొచ్చింది. కోపంగా ఉన్న కస్టమర్ని ఎలా సముదాయించాలో ప్రాక్టీస్ చేద్దామని కస్టమర్ వేషం తనే కట్టింది. బిల్లు లేదు, వాపసు తీసుకుంటారా చస్తారా అని ఎంత బాగా అరిచిందంటే సెక్యూరిటీ అతను పరిగెత్తుకొచ్చాడు. మీ హాల్లో నేను ఎదుర్కొన్న ఇంటర్వ్యూ అదొక్కటే.

రెండోది, ఆఖరి స్టాల్. అప్పటికి నాలుగు దాటింది. బల్ల వెనక కుర్రాడు ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చుకుంటున్నాడు. వాళ్ళకి కుర్చీ లేదని అప్పుడు చూశాను. "కాగితాలు తీసుకోవద్దని పైనుంచి చెప్పారండీ" అన్నాడు, నేలచూపులు చూస్తూ. నేను కదల్లేదు. మొండితనం కాదు, మడమ కదలనివ్వలేదు. అతను నా బూటు చూశాడు, అటూ ఇటూ చూశాడు.

"శని, ఆదివారాలు వస్తారా?"

ఇరవై తొమ్మిది సెకన్ల ప్రసంగంలో ఒక్క ముక్క గుర్తుకు రాలేదు. "వస్తానండీ" అన్నాను. జేబులోంచి సొంత పెన్ను తీసి కాగితం మూల ఏదో రాసుకుని, టేబుల్ క్లాత్ కిందికి తోశాడు. "నేనూ ఇలాగే, మూడో మేళాలో" అని గొణిగి, వెంటనే గొంతు పెంచి, "క్యూఆర్ కోడ్ స్కాన్ చేయండి, నెక్స్ట్!" అన్నాడు.

ఆ పదో కాపీ సంగతి మీ పైవాళ్ళకి చెప్పకండి.

వచ్చే మేళా తారీఖు తెలియజేయగలరు. కాపీలు తెస్తాను. ఈ ఉత్తరానికి రెండు పోగా ఏడున్నాయి.

ఇట్లు,
మీ దరఖాస్తుదారు
(నంబరు ఇంకా రాలేదు)