తప్పంతా కోచ్‌దేనా?

ఫ్లోరిడా స్టేట్ యూనివర్సిటీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు 2024లో 12 మ్యాచ్‌లు ఆడి రెండే గెలవడానికి పూర్తి బాధ్యత కోచ్ మైక్ నోర్వెల్‌దేనన్న వ్యాసకర్త వాదనతో నేను ఏకీభవించలేను. అంతకుముందు ఏడాది వరుసగా 13 మ్యాచ్‌లు గెలిచి తమ కాలేజీల లీగ్ ఏసీసీ టైటిల్ సాధించినా, దాడిని నడిపించే ప్రధాన ఆటగాడు (క్వార్టర్‌బ్యాక్) జోర్డన్ ట్రావిస్ గాయపడ్డాడన్న కారణంగా ఆ జట్టును జాతీయ విజేతను తేల్చే ప్లేఆఫ్‌కు ఎంపిక చేయలేదు. అది ఘోరమైన అన్యాయమని ఇప్పటికీ నా అభిప్రాయం. ఆ జట్టులోని పది మంది ప్రొఫెషనల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్ కొత్త ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో ఎంపికై వెళ్లిపోయారు. వారి స్థానాలను సొంతంగా తీర్చిదిద్దుకున్న కుర్రాళ్లతో కాకుండా, ఇతర కాలేజీల నుంచి బదిలీపై వచ్చిన ఆటగాళ్లతో నింపవచ్చనుకోవడం నోర్వెల్ పొరపాటే, కాదనను. అయితే ఏటా ఆటగాళ్లు జట్లు మారే వీలున్న నేటి విధానంలో దాదాపు ప్రతి కోచ్ ఆ దారే పడుతున్నాడు.

డబ్లిన్‌లో జరిగిన 2024 సీజన్ తొలి మ్యాచ్‌ను గమనించండి: ఆఖరి క్షణంలో జార్జియా టెక్ కొట్టిన 44 గజాల ఫీల్డ్ గోల్‌తో (బంతిని గోల్ స్తంభాల మధ్యకు తన్ని సాధించే మూడు పాయింట్లతో) 24-21 తేడాతో ఓడారు. అక్కడ సడలిన ఆత్మవిశ్వాసం మళ్లీ కుదురుకోలేదు. నవంబరులో నోటర్ డామ్ చేతిలో 52-3తో చిత్తయ్యాక దాడి, రక్షణ విభాగాలను చూసే ఇద్దరు సహాయ కోచ్‌లను (కోఆర్డినేటర్లను) తొలగించారు గానీ, అప్పటికే సీజన్ చేజారిపోయింది.