ఆ మెసేజ్ నాకు ఆరోసారి పంపినవాళ్లకు

పొద్దున్న మద్దిలపాలెం సిగ్నల్ దగ్గర ఆగి ఫోన్ తీస్తే మళ్లీ అదే మెసేజ్. పైన మూడు దీపాలు, రెండు దండలు, మధ్యలో ‘టెక్ కమ్యూనిటీకి నివాళి’. వారంలో ఇది ఆరోసారి. ఈసారి పంపింది నా మాజీ రూమ్మేట్, కింద ‘నూటికి నూరు శాతం నిజం’ అని సొంత రాతలో కలిపి మరీ. మన వైజాగ్ ప్రోగ్రామర్ల గ్రూపులో ఇప్పటికే ముగ్గురు పెట్టారు కాబట్టి అందరికీ కలిపి ఇక్కడే చెప్పేస్తాను.

చూడనివాళ్ల కోసం అందులోని సారాంశం ఇది: ఒకప్పుడు ఆన్‌లైన్‌లో ప్రోగ్రామర్లంతా కోడ్ గురించే మాట్లాడుకునేవాళ్లు, ఇప్పుడు స్టార్టప్ కబుర్లు, జీతాల గోల. చాట్‌జీపీటీ వచ్చి, ప్రోగ్రామర్లు ఒకరినొకరు డౌట్లు అడిగే స్టాక్ ఓవర్‌ఫ్లో సైట్‌ని చంపేసింది. నిజమైన ప్రోగ్రామర్ విండోస్ కాదు, లైనక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమే వాడతాడు. అన్నిటికన్నా పెద్ద దెబ్బ మాత్రం ఏమీ రాకుండా వచ్చిపడుతున్న కాలేజీ పిల్లలు. తలుపులు మూస్తేనే క్వాలిటీ మిగులుతుంది.

లైనక్స్ సంగతి ముందు తేల్చేద్దాం. మా ఇంట్లో వైఫై రౌటర్ కూడా లైనక్స్ మీదే నడుస్తోంది, దాన్ని ఇంతవరకూ ఎవరూ ఇంటర్వ్యూకి పిలవలేదు.

ఇక స్టార్టప్ కబుర్లు. మీరంతా ఆదర్శంగా చూపించే టెక్ చర్చల సైట్ హ్యాకర్ న్యూస్ 2007 ఫిబ్రవరిలో మొదలైనప్పుడు దాని పేరే స్టార్టప్ న్యూస్. హ్యాకర్ న్యూస్ అయ్యింది ఆ ఆగస్టులో. ఇది కూడా రెడిట్ అనే మరో చర్చా సైట్‌లా తయారవుతోందని వాపోవద్దు అంటూ అక్కడి నియమాల్లోనే రాసిపెట్టుకున్నారంటే, ఈ ఏడుపు ఎంత పాతదో చూడండి. అయినా ఈ పాయింట్‌లో కొంత ఒప్పుకుంటాను. 2025 అక్టోబరులో గూగుల్ వాళ్లు విశాఖలో ఐదేళ్లలో 1500 కోట్ల డాలర్లు పెట్టి ఏఐ హబ్ కడతామన్న దగ్గర్నుంచి మన గ్రూపులో పైథాన్ లాంటి ప్రోగ్రామింగ్ మాట కన్నా ఆ హబ్ రాబోయే తర్లువాడలో గజం ఎంత అనే మాటే ఎక్కువ వినిపిస్తోంది. దానికి నా దగ్గర సమాధానం లేదు. కానీ రేట్లు అడుగుతున్నది కాలేజీ పిల్లలు కాదు, పదిహేనేళ్ల అనుభవం ఉన్న మనమే.

చాట్‌జీపీటీ బయటికొచ్చింది 2022 నవంబరు 30న. స్టాక్ ఓవర్‌ఫ్లోలో ప్రశ్నలు తగ్గడం అంతకు చాలా ఏళ్ల ముందే మొదలైంది. కొత్తవాళ్లను మనం సరిగ్గా ఆదరించడం లేదని ఆ సంస్థే 2018 ఏప్రిల్‌లో బహిరంగంగా రాసుకుంది. మనిషి మంచంపట్టిన నాలుగేళ్లకు ఇంటికొచ్చిన చుట్టం మీద హత్య కేసు పెడతామంటే ఎలా? అర్ధరాత్రి పన్నెండింటికి ప్రశ్న అడిగితే విసుక్కోకుండా బదులిచ్చేది దొరికింది, పిల్లలు అటు పోయారు. అది చెప్పేది ఒక్కోసారి తప్పే. ఆ తప్పుల వల్లే అలాంటి జవాబులను 2022 డిసెంబరులో స్టాక్ ఓవర్‌ఫ్లోలో నిషేధించారు కూడా. కానీ అది ‘ఇది కూడా తెలీదా’ అనదు.

ఇప్పుడు పిల్లల విషయం. నాకు ఒళ్లు మండేది ఇక్కడే.

పోయిన ఏడాది శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఇక్కడ హాస్టల్లో ఉంటున్న ఫైనలియర్ కుర్రాడొకడు మన గ్రూపులో ఒక ఫొటో పెట్టాడు. ఒక జిరాక్స్ షాపుకి బిల్లులు ప్రింట్ చేసే ప్రోగ్రాం రాస్తున్నాడు. షాపు అడ్రసు ద్వారకానగర్. స్క్రీన్ మీద బాగానే ఉంది, పీడీఎఫ్‌లోకి వచ్చేసరికి ‘ద్‌వారకానగర్’ అని పడుతోంది. ద కింద ఉండాల్సిన వ వత్తు లేచొచ్చి పక్కన కూర్చుంది. ‘అన్నా, తెలుగు విరిగిపోతోంది, ఏటి చెయ్యాలి?’ అని అడిగాడు.

మొదటి జవాబు: ‘గూగుల్ చేయడం రాదా?’ రెండోది: ‘యూనికోడ్ ఫాంట్ పెట్టు’. మూడోది ఎవరో ఏఐని అడిగి యథాతథంగా అతికించిన ఐదు పాయింట్ల వ్యాసం, మొదట్లో ‘తప్పకుండా!’ అనే మాటతో సహా. అందులోనూ ఫాంట్ మార్చమనే. నాలుగో ఆయన కుర్రాడి ‘ఏటి’ని పట్టుకుని నవ్వే బొమ్మ పెట్టాడు. పాపం వాడు మూడు ఫాంట్లు మార్చి చూశాడు, మూడింట్లోనూ వత్తు పక్కకే.

తప్పు ఫాంట్‌ది కానే కాదు. వత్తు ఫాంట్‌లో భేషుగ్గా ఉంది, దాన్ని పిలిచేవాడు లేడు. బ్రౌజర్‌లో అక్షరాలను కలిపి పేర్చే హార్ఫ్‌బజ్ లాంటి ఇంజిన్ ఉండి, ద తర్వాత పొల్లు, ఆ తర్వాత వ వచ్చింది కాబట్టి ఇక్కడ వత్తు వెయ్యాలి అని ఫాంట్‌లోని పట్టికలు చూసి తేలుస్తుంది. వాడు వాడిన పీడీఎఫ్ లైబ్రరీకి, అంటే పీడీఎఫ్ తయారుచేసే రెడీమేడ్ కోడ్‌కి, ఆ పని రాదు, వచ్చిన అక్షరాలను వచ్చినట్టు వరసగా పేర్చేస్తుంది. బిల్లుని వెబ్‌పేజీలా హెచ్‌టీఎంఎల్‌లో తయారుచేసి బ్రౌజర్ చేతే పీడీఎఫ్ చేయిస్తే సరిపోతుంది. ఈ నాలుగు ముక్కలు రెండ్రోజుల తర్వాత ఎప్పుడూ నోరు విప్పని ఒకావిడ రాసింది. కుర్రాడు పని అయ్యాక ఊరుకోలేదు, మొత్తం తెలుగులో ఫొటోలతో రాసి గ్రూపులో పెట్టాడు. ఆ తర్వాత అదే బాధతో వచ్చిన ముగ్గురికి వాడే చెప్పాడు. మరి ఆ నాలుగైదు రోజుల్లో క్వాలిటీ ఎవరి దగ్గర ఉన్నట్టు?

ఆ ‘గూగుల్ చేయడం రాదా’ అన్నది నేనే. ఇంకా సిగ్గుచేటు ఏమిటంటే జవాబు నాకూ తెలీదు. కొన్నేళ్ల కిందట సరిగ్గా ఇదే సమస్య వస్తే తెలుగు లైన్లన్నీ ఇమేజ్‌లుగా అతికించి చేతులు దులుపుకున్నవాణ్ని. తెలీదని చెప్పలేక వాడి మీద విసుక్కున్నాను.

కొత్తవాళ్లు వచ్చి పాడుచేశారనే మాట ఇంటర్నెట్‌లో 1993 సెప్టెంబరు నుంచీ ఉంది. ఏటా సెప్టెంబరులో యూజ్‌నెట్ అనే పాతకాలపు చర్చావేదికకి కాలేజీ పిల్లలు వచ్చేవాళ్లు, కొన్ని వారాల్లో పద్ధతులు నేర్చుకునేవాళ్లు. ఆ తర్వాత జనం ఆగకుండా రావడంతో ఆ సెప్టెంబరు ఇక ముగియదని పాతవాళ్లు విసుక్కున్నారు. అలా విసుక్కున్నవాళ్లు కూడా అంతకుముందు ఏదో ఒక సెప్టెంబరులో వచ్చినవాళ్లే కదా. మీ మెసేజ్‌లో ఇంత పెద్ద నివాళి ఉంది గానీ, ‘మేం జవాబులు చెప్పడం మానేశాం’ అనే వాక్యం ఎక్కడా కనబడలేదు. మన గ్రూపులో పైకి వెళ్లి చూసుకున్నాను, నేను ఎవరికైనా చివరిసారి పనికొచ్చే జవాబిచ్చి పద్నాలుగు నెలలైంది. ఫార్వర్డ్‌లు మాత్రం నాలుగు చేశాను.

ఏఐ నుంచి తెచ్చి చదవకుండా అతికించే జవాబుల మీద మెసేజ్‌లో ఒక్క మాట ఉన్నా సంతకం పెట్టేవాణ్ని. అవి నిజంగానే చెత్త. అదీ రాయలేదు.

సాయంత్రానికి ఆ కుర్రాడు కూడా మెసేజ్ చూసినట్టున్నాడు. ఇప్పుడు రుషికొండలో ఉద్యోగం వాడికి. కింద ఇలా రాశాడు: ‘అన్నా, తలుపులు ఏ రోజు నుంచి మూస్తున్నారు? మా జూనియర్‌కి ఒక డౌటుంది, ఈలోపు అడిగించేస్తాను.’