పరీక్షకు పనికిరాని పెట్టెకు 12 వేలా?

తిరుపతి చుట్టుపక్కల ఇంజినీరింగ్ కాలేజీల్లో ఫస్టియర్ క్లాసులు మొదలయ్యాయి. వాటితోపాటే ‘లెర్నింగ్ కిట్’ గొడవా మొదలైంది. ఒక ప్రైవేటు కాలేజీ నోటీసు బోర్డుకు కాగితం అంటించింది. ఫస్టియర్ విద్యార్థులంతా ఈ కిట్ పేరుతో గ్రాఫింగ్ కాలిక్యులేటర్, అంటే సమీకరణం కొడితే తెర మీద గ్రాఫ్ గీసే యంత్రం, కొనాలి. కాలేజీ కౌంటర్‌లోనే కొనాలి. రూ.12 వేలు, పదిహేను రోజుల గడువు. కట్టనివాళ్ల ఇంటర్నల్ మార్కుల సంగతి తర్వాత చూస్తామన్న మాట మాత్రం నోటీసులో లేదు. అది క్లాసులో నోటితో చెప్పారు. నోటిమాటకు రసీదు అడగలేం కదా.

ధర సంగతి తర్వాత. మాకు మింగుడుపడనిది ఇంకొకటుంది. ఇప్పుడు పన్నెండు వేలు కట్టించుకుంటున్న ఈ కాలేజీయే నాలుగు నెలలు తిరిగేసరికి అదే పిల్లాడి చేతికి హాల్‌టికెట్ ఇస్తుంది. దాని సూచనల్లో సెల్‌ఫోన్లు, ప్రోగ్రామబుల్ కాలిక్యులేటర్లు పరీక్ష హాల్లోకి తేకూడదని ఉంటుంది. గ్రాఫింగ్ కాలిక్యులేటర్ అంటేనే ప్రోగ్రామబుల్. అందులో ప్రోగ్రాం రాసిపెట్టుకోవచ్చు, ఫార్ములాలు దాచుకోవచ్చు, కాపీ చీటీ పని మొత్తం అదే చేసిపెడుతుంది. అందుకే గుమ్మం దగ్గరే ఇన్విజిలేటర్ దాన్ని తీసి పక్కన పెట్టిస్తాడు. అంటే క్లాసుకు తేకపోతే తప్పు, పరీక్షకు తెస్తే తప్పు. ఈ రెండు రూల్సూ ఒకే ప్రిన్సిపల్ ఆఫీసు నుంచి వస్తున్నాయి.

ఆ పిల్లాడు ఇంతవరకు రాసిన, ఇకముందు రాయబోయే పరీక్షలు చూడండి. ఇంటర్ పబ్లిక్ పరీక్షలో కాలిక్యులేటర్ లేదు. ఎంసెట్‌లో లేదు (పేరు ఈఏపీసెట్ అని మారినా మన ఇళ్లలో అది ఇంకా ఎంసెట్టే). జేఈఈ మెయిన్‌లో లేదు, అడ్వాన్స్‌డ్‌లోనూ లేదు. బీటెక్ అయ్యాక గేట్ రాస్తే అక్కడ కంప్యూటర్ తెర మీదే ఒక కాలిక్యులేటర్ ఇస్తారు, మౌస్‌తో నొక్కుకోవాలి. జేబులోది లోపలికి పోనివ్వరు. మరి ఈ పన్నెండు వేల పెట్టెను వాడు ఏ హాల్లో తెరవాలి?

అసలు ఆ పెట్టెలో ఏముంది? వై ఈజ్ ఈక్వల్ టు ఎక్స్ స్క్వేర్ మైనస్ 3ఎక్స్ మైనస్ 4 అని కొట్టి బటన్ నొక్కితే చిన్న తెర మీద పరావలయం వస్తుంది. ఎక్స్ అక్షాన్ని మైనస్ 1 దగ్గర ఒకసారి, 4 దగ్గర ఒకసారి కోస్తుంది. మంచిదే. కానీ ఇదే బొమ్మను మన సర్కారు బడి పిల్లలు పదో తరగతిలో గ్రాఫ్ కాగితం మీద చేత్తో గీస్తున్నారు. స్కేలు రాసి, పట్టిక వేసి, చెక్కిన పెన్సిల్‌తో చుక్కలు పెట్టి, ఊపిరి బిగబట్టి వాటిని కలిపే వంపు అది. చెయ్యి కాస్త వణికితే మళ్లీ రబ్బరు. పబ్లిక్ పరీక్షలో గ్రాఫ్ ప్రశ్నకు వచ్చే మార్కుల కోసం ఎన్ని సాయంత్రాలు కూర్చుంటారో ట్యూషన్ చెప్పేవాళ్లను అడగండి. ఆ కాగితం ఖరీదు ఒకటి రెండు రూపాయలు.

ఈ యంత్రం కొత్తదేం కాదు. మొదటి గ్రాఫింగ్ కాలిక్యులేటర్‌ను జపాన్ కంపెనీ కాసియో 1985లో తెచ్చింది. అమెరికాలో కాలేజీ ప్రవేశాలకు రాసే శాట్ పరీక్షకు 1994లో కాలిక్యులేటర్లను అనుమతించారు. 1995 నుంచి అక్కడి ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) కాలిక్యులస్ పరీక్షకు గ్రాఫింగ్ కాలిక్యులేటర్ తప్పనిసరి అయింది. ఇక ఈ యంత్రాలు చేసే అమెరికా కంపెనీ టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్‌కు తిరుగులేకపోయింది. ఆ కంపెనీ 2004లో తెచ్చిన టీఐ-84 ప్లస్‌లో ఉన్నది జెడ్80 అనే ప్రాసెసర్, అది 1976 నాటి డిజైన్. తెర 96 చుక్కల వెడల్పు, 64 చుక్కల ఎత్తు. మధ్యకాలంలో ఫోన్లు, కంప్యూటర్లు ఎక్కడినుంచి ఎక్కడికో పోయాయి, వాటి ధరలు నేలకు దిగాయి. ఇది మాత్రం వంద డాలర్ల చుట్టూనే తిరుగుతూ ఉండిపోయింది. ఎందుకు తగ్గాలి? ఏది కొనాలో చెప్పేది టీచరు, డబ్బు కట్టేది తండ్రి. బేరమాడే హక్కు ఉన్నవాడికి ఖర్చు లేదు, ఖర్చు పెట్టేవాడికి బేరం లేదు. మన దగ్గర స్కూలు యూనిఫాం గుడ్డ ధర ఎందుకు తగ్గదో తెలిసినవాళ్లకు ఇది విడమరచి చెప్పక్కర్లేదు.

అయినా అమెరికా వాళ్లను ఒక విషయంలో మెచ్చుకోవాలి. కొనమన్నారు, పరీక్షలోకి రానిచ్చారు. ఐబీ (ఇంటర్నేషనల్ బాకలారియేట్) అనే అంతర్జాతీయ సిలబస్ చదివే పిల్లలకూ అంతే. అక్కడ చాలా మ్యాథ్స్ పేపర్లలో ఈ యంత్రం లేకుండా పని జరగదు, వాళ్లు కొనుక్కోవడంలో అర్థముంది. మా పేచీ యంత్రంతో కాదు. ఇంకో మాట, శాట్ పరీక్ష కంప్యూటర్‌కు మారాక, అమెరికా బయట 2023 నుంచి, అమెరికాలో 2024 నుంచి, డెస్మోస్ అనే గ్రాఫింగ్ కాలిక్యులేటర్‌ను తెర మీదే ఉచితంగా ఇస్తున్నారు. వాళ్లే పక్కన పెట్టేస్తున్న భారాన్ని మనం కొత్తగా నెత్తికెత్తుకుంటున్నాం, అదీ పరీక్షలో వాడుకునే భాగ్యం కూడా లేకుండా.

గ్రాఫ్ కళ్లముందు కదిలితే కాలిక్యులస్ బాగా ఎక్కుతుందని, విద్యార్థులకు ‘గ్లోబల్ ఎక్స్‌పోజర్’ కావాలని యాజమాన్యం అంటోంది. మొదటి ముక్క నిజమే, కాదనం.

అయితే అదే డెస్మోస్ ఫోన్‌లో పైసా ఖర్చు లేకుండా వస్తుంది. జియోజీబ్రా కూడా అంతే, తెలుగు మీడియం టీచర్లు కూడా ప్రొజెక్టర్ మీద వాడుతున్నారు. ఆ కాలేజీలో కంప్యూటర్ ల్యాబులు లేవా? బ్రోచర్ నిండా వాటి ఫొటోలే కదా. ఏసీ గది, బయట చెప్పుల వరుస, లోపల కవర్లు తొడిగిన మానిటర్లు. వారానికి ఒక పీరియడ్ ఆ కవర్లు తీసి గ్రాఫులు చూపిస్తే సరిపోయేదానికి వందలాది మంది చేత తలా పన్నెండు వేలు కట్టించడం చదువు మీద ప్రేమ అంటే ఎలా నమ్మాలి?

బాలాజీ కాలనీ వైపు స్టేషనరీ షాపుల్లో మేం విచారించాం. ఇంజినీరింగ్ పిల్లలు అడిగేది 991, అంటే కాసియో సైంటిఫిక్ కాలిక్యులేటర్. బ్రాండు పేరు కూడా చెప్పరు, నంబరు చాలు. పదిహేను వందలకు అటూఇటూ దొరుకుతుంది. మ్యాట్రిక్స్, ఇంటిగ్రేషన్, కాంప్లెక్స్ నంబర్లు అన్నీ చేస్తుంది. ప్రోగ్రామబుల్ కాదు కనుక పరీక్ష హాల్లోకి దర్జాగా వెళ్తుంది. కొత్త మోడళ్లు తెర మీద క్యూఆర్ కోడ్ చూపిస్తాయి, ఫోన్‌తో స్కాన్ చేస్తే గ్రాఫ్ ఫోన్‌లో ప్రత్యక్షం. కాలేజీ చెప్పిన గ్రాఫింగ్ మోడల్ ఉందా అంటే షాపులవాళ్లు నవ్వారు. అడిగేవాడు లేని సరుకు ఎవరు పెడతారు? కౌంటర్ ధర ఎక్కువో తక్కువో పోల్చిచూసుకునే వీలు కూడా తల్లిదండ్రులకు లేదన్నమాట.

ఇందులో ఇంకో మెలిక ఉంది. ఇంజినీరింగ్ కాలేజీల్లో వస్తువులు చేతులు మారడం పాత ఆచారం. డ్రాయింగ్ క్లాసుకు కావాల్సిన డ్రాఫ్టర్ నలుగురైదుగురు చేతుల్లో నలిగి, స్క్రూలు వదులై, కొత్త జూనియర్ దగ్గరకు సగం ధరకు చేరుతుంది. ల్యాబ్ కోటూ అంతే. పేద పిల్లలకు అదే ఆసరా. ఈ కాలిక్యులేటర్‌కు ఆ దారి కూడా మూసేశారు. ప్రతి యంత్రం వెనక రోల్ నంబర్ స్టిక్కర్ అంటించారు, ఒకరి పేరు మీదున్నది మరొకరికి చెల్లదట. చదువు కోసమే కొనిపిస్తున్నారనుకుంటే, సీనియర్ వాడింది జూనియర్‌కు ఎందుకు పనికిరాదు? పరావలయం ఏటేటా మారుతుందా?

మా ఆఫీసుకు బంగారుపాళెం వైపు నుంచి ఒక రైతు వచ్చారు. ఆధార్ జిరాక్స్, కాలేజీ రసీదు, రెండూ ఒకే పాలిథిన్ కవర్లో మడిచి పెట్టుకున్నారు. రసీదు మీద కాలిక్యులేటర్ అన్న మాటే లేదు, ‘ఇతరములు’ అని ఉంది. తోతాపురి మామిడి తోట ఆయనది. 2025 సీజన్లో కిలోకు ఫ్యాక్టరీ 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు, మొత్తం 12 అని ప్రకటించిన సంగతి చిత్తూరు జిల్లాలో తెలియనివాళ్లు లేరు. గుజ్జు ఫ్యాక్టరీల గేట్ల ముందు ట్రాక్టర్ల మీద కాయ మగ్గిపోతుంటే రాత్రుళ్లు పడిగాపులు కాసిన సంగతీ తెలుసు. ఆ పన్నెండూ పూర్తిగా చేతికి అందిందనే అనుకుందాం. ఒక్క కాలిక్యులేటర్‌కు టన్ను కాయ. కోత కూలీ, ట్రాక్టర్ బాడుగ తీసెయ్యకుండానే. కొడుకు దాన్ని పరీక్షకు తీసుకుపోతాడా అని ఆయన అడిగితే మా డెస్కులో ఎవరికీ నోరు రాలేదు.

చట్టాలు లేక కాదు. క్యాపిటేషన్ ఫీజును నిషేధిస్తూ మన రాష్ట్రంలో 1983లోనే చట్టం వచ్చింది. నిర్ణయించిన ఫీజుకు మించి వసూలు చేసే ఏ మొత్తమైనా క్యాపిటేషన్ ఫీజేనని అందులో స్పష్టంగా ఉంది. ఉన్నత విద్యా నియంత్రణ, పర్యవేక్షణ కమిషన్‌ను 2019లో చట్టం చేసి మరీ పెట్టారు. ఇంజినీరింగ్ ఫీజులు తేల్చేది ఆ కమిషనే. ట్యూషన్ ఫీజు మీద అన్ని లెక్కలు అడిగేవాళ్లకు ‘ఇతరములు’ కనిపించదా? రీయింబర్స్‌మెంట్ మీద చదివే పిల్లలకు ప్రభుత్వం ఇచ్చేది ఆ ఫీజు వరకే, కిట్ డబ్బు ఇంట్లోంచి రావాల్సిందే. సీటు ఉచితమని చెప్పి కుర్చీకి బాడుగ తీసుకున్నట్టుంది ఇది.

దీన్ని ఒక్క కాలేజీ గొడవగా చూసి వదిలేస్తే వచ్చే జూన్‌కల్లా పక్క కాలేజీ నోటీసు బోర్డు ఎక్కుతుంది. ఇవాళ కాలిక్యులేటర్. రేపు కాలేజీ లోగో ఉన్న ట్యాబ్, ఎల్లుండి ఫలానా కంపెనీ ల్యాప్‌టాపే ఉండాలంటారు. పరీక్షలో నిషేధించిన వస్తువునే తప్పనిసరి చేసి జనం చేత కొనిపించగలిగాక, అసలు దేన్ని కొనిపించలేరు? అవసరం చూపించాల్సిన పనే వాళ్లకు లేకుండా పోతుంది. 1954లో ఎస్వీ యూనివర్సిటీ వచ్చింది మొదలు సీమ పల్లెల పిల్లలకు చదువంటే తిరుపతి. బస్టాండులో ట్రంకు పెట్టె దించుకుని, అటు కొండకేసి ఒక దండం పెట్టి హాస్టల్ వెతుక్కునే ఆ పిల్లలే ఈ కౌంటర్ ముందు క్యూ కడుతున్నారు.

కాబట్టి యాజమాన్యానికి సూటిగా చెబుతున్నాం. మీకు రెండే దారులున్నాయి. ఈ యంత్రం చదువుకు అంత అవసరమైతే యూనివర్సిటీకి రాయండి, పరీక్ష హాల్లోకి అనుమతి తెప్పించండి, ఆ తర్వాత కొనమనండి. అప్పుడు కూడా ఎక్కడ కొనాలో చెప్పే పని మీది కాదు. అనుమతి తేలేకపోతే నోటీసు చించేసి, తీసుకున్న ప్రతి రూపాయీ తిరిగివ్వండి. ‘ఇతరములు’ అన్న రసీదు అందుకున్నవాళ్లకూ, అసలు రసీదే అందనివాళ్లకూ కూడా.

ఇక అక్కడి మ్యాథ్స్ లెక్చరర్లకు ఒక మాట. మీలో చాలామంది లాగరిథం పట్టికల పుస్తకంతో, రెండు రూపాయల గ్రాఫ్ కాగితంతో డిగ్రీలు తెచ్చుకున్నవాళ్లే. ఇంటర్నల్ మార్కులు వేసే పెన్ను మీ చేతిలో ఉంది. కాలిక్యులేటర్ లేని పిల్లాడికి ఒక్క మార్కూ తగ్గించబోమని స్టాఫ్ రూమ్‌లో ఒక్కరైనా లేచి అనలేకపోయారా? క్లాసులో ఆ బెదిరింపు మాట నోటితో చెప్పింది ప్రిన్సిపల్ కాదు, మీరే.