ఇళ్లు వచ్చేశాయి, ఊరు ఎప్పుడొస్తుంది?

స్కాట్లాండ్ రాజధాని ఎడిన్‌బరాకు పడమరన, సుమారు పది మైళ్ల దూరంలో వించ్‌బరా అనే చిన్న ఊరుంది. ఒకప్పుడు ఆ చుట్టుపక్కల రాతిపొరల నుంచి షేల్ నూనె తీసేవారు. కూలీల కోసం కట్టిన ఎర్ర ఇటుక ఇళ్ల వరుసలు ఊరి నడుమ ఇంకా ఉన్నాయి. నూనె తీశాక పారబోసిన రాతిబూడిద ఎర్రటి గుట్టలై ఊరి అంచున నిలబడింది. అక్కడివాళ్లు వాటిని బింగ్‌లంటారు. ఆ గుట్టలకూ పాత వరుసలకూ మధ్యనున్న పొలాల్లో గత పదేళ్లకు పైగా వేల ఇళ్లు లేస్తున్నాయి. మూడు, నాలుగు పడకగదులు, కారు పెట్టుకోవడానికి ఇంటి ముందు రెండు చోట్లు, పైకప్పు మీద సోలార్ పలకలు, వెనుక చిన్న తోట. ఎడిన్‌బరా బ్యాంకుల్లో, లివింగ్‌స్టన్ ఆఫీసుల్లో, ఆసుపత్రుల్లో పనిచేసే మన తెలుగు కుటుంబాలు కూడా ఇలాంటి కాలనీల్లో ఇళ్లు కొంటున్నాయి.

ఈ ఇళ్లు వద్దని నేను అనను. పొలాలు పోతున్నాయి, ఊరి అందం చెడిపోతోంది అని ప్రతి కొత్త కాలనీకీ అడ్డుపడేవాళ్లు స్కాట్లాండ్‌లో ఊరూరా ఉన్నారు. వాళ్ల బాధలో కొంత నిజముంది. కానీ 2024 మార్చి నాటికి ఆ దేశంలో సొంత గూడు లేక తాత్కాలిక వసతుల్లో ఉన్న పిల్లలే పదివేలకు పైగా. ఆ ఏడాది మే నెలలో పార్లమెంటు సాక్షిగా ప్రభుత్వమే గృహ అత్యవసర పరిస్థితి ప్రకటించింది. అంతకుముందే ఎడిన్‌బరా, గ్లాస్గో, ఫైఫ్, ఆర్గైల్ అండ్ బ్యూట్ కౌన్సిళ్లు, అంటే స్థానిక పాలక సంస్థలు, ఎవరికి వారు ప్రకటించుకున్నాయి. ఇళ్లు కట్టాల్సిందే. నా అభ్యంతరమంతా వరుస గురించి. ఇల్లు ముందు, బడి తర్వాత, డాక్టరు ఆ తర్వాత, రైలు ఎప్పుడో అన్న ఈ వరుస ఎవరి చేతకానితనం వల్లో వచ్చింది కాదు. డబ్బు ఎప్పుడు, ఎవరి జేబులోంచి రావాలో నిర్ణయించిన పద్ధతిలోనే అది ఉంది.

ఆ పద్ధతి ఇలా నడుస్తుంది. బిల్డర్‌కు అనుమతి ఇచ్చేటప్పుడు 1997 నాటి ప్రణాళికా చట్టంలోని 75వ సెక్షన్ కింద కౌన్సిల్ ఒక ఒప్పందం రాయించుకుంటుంది. బడి విస్తరణకు ఇంత, రోడ్డు కూడలికి ఇంత, అందుబాటు ధరల ఇళ్లకు ఇంత స్థలం అని అందులో ఉంటుంది. ఈ మొత్తం ఒక్కసారిగా కట్టరు. ఉదాహరణకు నూరో ఇంట్లో జనం చేరాక ఒక వాయిదా, మూడు వందలో ఇల్లు పూర్తయ్యాక మరొకటి. అంటే జనం వచ్చాకే డబ్బు వస్తుంది, డబ్బు వచ్చాకే పని మొదలవుతుంది. బడి కట్టడానికి రెండేళ్లు పడితే, ఆ రెండేళ్లూ పిల్లలు పక్క ఊరి బడికి బస్సెక్కాలి, లేదంటే ఆటస్థలంలో దించిన తాత్కాలిక గదుల్లో చదవాలి.

మరి ఇళ్లు ఎంత వేగంగా వస్తాయి? బ్రిటన్ పోటీ నియంత్రణ సంస్థ సీఎంఏ 2024 ఫిబ్రవరిలో ఇంగ్లండ్, స్కాట్లాండ్, వేల్స్ గృహ నిర్మాణ మార్కెట్‌పై తన నివేదిక ఇచ్చింది. ధర తగ్గించకుండా ఎన్ని అమ్ముడవుతాయో అన్నే కట్టే వేగంతో బిల్డర్లు పోతున్నారని అందులో తేల్చింది. వ్యాపారంగా చూస్తే ఇందులో తప్పు పట్టడానికేం లేదు. కానీ ఊరి బడి, ఊరి రోడ్డు ఈ అమ్మకాల వేగానికి కట్టేసి ఉన్నప్పుడు, వడ్డీరేట్లు పెరిగి అమ్మకాలు మందగించిన ఏడాది ఊరి పనులూ మందగిస్తాయి. 2024 జనవరిలో అబర్దీన్‌కు చెందిన ఇళ్ల నిర్మాణ సంస్థ స్టీవర్ట్ మిల్న్ గ్రూప్ దివాలా ప్రక్రియలోకి వెళ్లినప్పుడు స్కాట్లాండ్‌లో చాలాచోట్ల సైట్లు ఉన్నపళంగా ఆగిపోయాయి. సగం లేచిన చెక్క చట్రాలు అలాగే వానకు తడిశాయి.

వించ్‌బరాలో బడుల సంగతి కొంత మెరుగ్గా తేలింది. డెవలపర్ సొమ్ము వచ్చేదాకా ఆగకుండా కౌన్సిల్, స్కాటిష్ ప్రభుత్వం, డెవలపర్ కలిసి నష్టభయాన్ని పంచుకునేలా ఒప్పందం కుదుర్చుకున్నారు. దాంతో రెండు హైస్కూళ్లు లేచాయి. వాటిలో ఒకటి క్యాథలిక్ బడి. ఎం9 మోటార్‌వే మీదికి కొత్త జంక్షన్ 2023లో తెరుచుకుంది. పాత చెత్తకుప్పను పార్కుగా మార్చారు. కాబట్టి ముందు కట్టడం అసాధ్యమేమీ కాదు. ప్రభుత్వం పూచీ పడితే అవుతుంది. కానీ ఇక్కడే నాకు మనసొప్పని సంగతి ఒకటుంది. ఎడిన్‌బరా నుంచి గ్లాస్గో వెళ్లే ప్రధాన రైలు మార్గం ఈ ఊరి మధ్యగానే పోతుంది. పాత స్టేషన్ 1930లో మూతపడింది. కొత్త స్టేషన్ కావాలని ప్లాన్ తొలినాళ్ల నుంచీ అందరూ అంటున్నదే. అయినా కార్ల జంక్షన్ తెరిచిన నాటికి రైలు ఆగే ప్లాట్‌ఫాం లేదు. ఉత్తరాన ఎక్కడో కొండల్లో ఉన్న పల్లెకు రైలు లేదంటే అర్థముంది. విద్యుత్ రైళ్లు గంటకు ఎన్నోసార్లు ఇంటి వెనుక నుంచి పోతుంటే, ఇంటిముందు రెండు కార్లు పెట్టుకోక తప్పని ఊరిని కట్టడం తప్పుడు నిర్ణయం. 2023 ఫిబ్రవరిలో అమలులోకి వచ్చిన నాలుగో జాతీయ ప్రణాళికా పత్రం ఇంటికి దగ్గర్లోనే, వీలైతే నడకలోనో సైకిల్ మీదో, రోజువారీ అవసరాల్లో ఎక్కువ భాగం దొరకాలని చెబుతోంది. ఆ మాట నిలబడాలంటే ముందు రావలసింది రైలు, బస్సు, చిన్న కిరాణా కొట్టు.

డాక్టరు విషయం ఇంకా చిక్కు. అక్కడ జీపీలు, అంటే ఊళ్లో మొదట చూసే సాధారణ వైద్యులు, ఎక్కువగా ప్రభుత్వ ఆరోగ్య సేవ ఎన్‌హెచ్‌ఎస్‌తో కాంట్రాక్టు మీద నడిచే స్వతంత్ర ప్రాక్టీసులు. కొత్త కాలనీ వచ్చినంత మాత్రాన కొత్త క్లినిక్ రాదు. భవనానికి ఆరోగ్య బోర్డు దగ్గర డబ్బుండాలి, అందులో కూర్చోవడానికి డాక్టర్లు దొరకాలి. 2024 మొదట్లో నిధులు లేవని కొత్త ఆరోగ్య భవనాల ప్రాజెక్టులను ప్రభుత్వం ఆపేసింది. పాత క్లినిక్‌లోనే రోగుల సంఖ్య పెరుగుతుంది. పాత ఊరివాళ్లకు కొత్త కాలనీ మీద కోపం రావడానికి పొలం పోవడం కంటే ఇదే పెద్ద కారణమని నా అభిప్రాయం. పొద్దున్నే అపాయింట్‌మెంట్ కోసం ఫోన్ పట్టుకుని కూర్చున్న ముసలావిడకు ప్రణాళికా చట్టం తెలియదు. ఆమెకు కనిపించేది కొత్తగా వచ్చినవాళ్లే. వాళ్లలో మనవాళ్లూ ఉన్నారు. ప్రభుత్వం సమకూర్చని వసతికి నింద పొరుగింటి మీద పడుతుంది.

బిల్డర్ల చేత ఇంకా ఎక్కువ కట్టించొచ్చు కదా అని అడగొచ్చు. దానికి ఒక హద్దు ఉంది, ఆ హద్దును సుప్రీంకోర్టే గీసింది. అబర్దీన్‌కు దక్షిణాన చాపెల్టన్ అనే కొత్త పట్టణం వస్తోంది. అబర్దీన్ ప్రాంత ప్రణాళికా సంస్థ ఆ ప్రాంతమంతటి రవాణా పనులకు కలిపి ఒక ఉమ్మడి నిధి పెట్టి, ప్రతి కొత్త ఇంటికీ ఇంత అని వసూలు చేయబోయింది. చాపెల్టన్ కడుతున్న ఎల్సిక్ కంపెనీ కోర్టుకెక్కింది. మా ఇళ్ల వల్ల ఆ పనుల్లో చాలావాటి మీద పడే భారం నామమాత్రమే కదా అన్నది వాళ్ల వాదన. 2017 అక్టోబరులో బ్రిటన్ సుప్రీంకోర్టు కంపెనీ వైపే తీర్పు చెప్పింది. ఒక కాలనీకీ ఒక పనికీ ఉన్న సంబంధం నామమాత్రమైతే దాని కోసం ఆ కాలనీ నుంచి డబ్బు అడగడం చెల్లదు. న్యాయశాస్త్రం ప్రకారం ఆ తీర్పు సబబే. కానీ ఫలితం చూడండి: ఒక్కో కాలనీ విడిగా వేసే భారం చిన్నదే, పది కాలనీలు కలిసి వేసేది పెద్దది. ఆ పెద్ద భారానికి బాధ్యులెవరూ ఉండరు.

ఒకప్పుడు ఇదే దేశం ఇంకోలా చేసింది. ఈస్ట్ కిల్‌బ్రైడ్ 1947లో, గ్లెన్‌రోథెస్ 1948లో, కంబర్‌నాల్డ్ 1955లో, వించ్‌బరాకు కూతవేటు దూరంలోని లివింగ్‌స్టన్ 1962లో మొదలయ్యాయి. ఒక్కో పట్టణానికీ ఒక అభివృద్ధి కార్పొరేషన్. అది భూమి కొనేటప్పుడు, కొత్త పట్టణం వల్ల పెరగబోయే విలువను పరిహారంలో కలపలేదు. అలా మిగిలిన విలువే రోడ్లకు, మురుగు కాలువలకు, ఫ్యాక్టరీ షెడ్లకు పనికొచ్చింది. లివింగ్‌స్టన్‌ను ఆదర్శ పట్టణమని నేను చెప్పను. కారు లేనివాడిని అది ఇప్పటికీ అండర్‌పాస్‌ల గుండా తిప్పుతుంది. కానీ ఊరు ముందు, లాభం తర్వాత అన్న వరుస అక్కడ ఉంది. ఇవాళ ఎకరం వేల పౌండ్లు పలికే పొలం, ఇళ్లకు అనుమతి పడగానే లక్షల్లోకి వెళ్తుంది. ఆ పెరుగుదలను సృష్టించింది కౌన్సిల్ ఇచ్చిన అనుమతి. అందులో ఎక్కువ భాగం భూమి యజమానికి పోతుంది. బడికి డబ్బు చాలడం లేదని కౌన్సిల్ చేతులెత్తేస్తుంది.

ఇక ఇల్లు కొన్నవాళ్ల సంగతి. కొత్త వీధిలోకి వెళ్తే మొదట కంటపడేది రోడ్డు నుంచి రెండంగుళాలు పైకి పొడుచుకొచ్చిన మ్యాన్‌హోల్ మూతలు. బరువు లారీలు తిరగడం పూర్తయ్యేదాకా పై పొర తారు వేయరు గనుక మూతలు అలా నిలబడి ఉంటాయి. పిల్లల సైకిళ్లు, తోపుడు బండ్లు వాటికి తగులుతాయి. రోడ్డు కౌన్సిల్‌కు అప్పగించేదాకా మంచు రోజుల్లో ఉప్పు చల్లే బండి వస్తుందన్న భరోసా ఉండదు. అయినా రోడ్ల విషయంలో స్కాట్లాండ్ చట్టం గట్టిదే. ఇళ్లు మొదలుపెట్టే ముందే బిల్డర్ రోడ్డు కోసం పూచీ సొమ్ము చూపించాలి. కంపెనీ మునిగినా రోడ్డు పూర్తి చేయడానికి ఆ సొమ్ము ఉంటుంది.

పచ్చిక, ఆటస్థలం, వాననీటి చెరువు విషయంలో అలాంటి రక్షణ లేదు. చాలా కాలనీల్లో వీటిని కౌన్సిల్ తీసుకోదు. ఫ్యాక్టర్ అని పిలిచే నిర్వహణ కంపెనీ చూసుకుంటుంది, ఖర్చు ఇంటింటికీ పంచుతుంది. హైదరాబాద్‌లో గేటెడ్ కమ్యూనిటీ మెయింటెనెన్స్ కట్టిన అలవాటుతో మనవాళ్లు దీన్ని పెద్దగా ప్రశ్నించరు. రెండింటికీ చాలా తేడా ఉంది. స్కాట్లాండ్ కాలనీకి గేటు లేదు. ఆ పార్కులో ఊరంతా నడుస్తుంది, ఊరి కుక్కలన్నీ తిరుగుతాయి. కట్టేది మాత్రం ఆ కాలనీవాళ్లే, అదీ కౌన్సిల్‌కు కట్టే ఇంటిపన్ను (కౌన్సిల్ ట్యాక్స్) పూర్తిగా కట్టాక. 2011 నాటి ఫ్యాక్టర్ల చట్టం ఆ నిర్వహణ కంపెనీలకు ప్రవర్తనా నియమావళి పెట్టింది, ఫిర్యాదుకు ట్రిబ్యునల్‌ను చూపింది. కానీ కొన్ని కాలనీల్లో ఆ పచ్చిక భూమికి యజమాని నిర్వహణ కంపెనీయే. యజమానిని మార్చడం ఎవరి తరం? సీఎంఏ నివేదిక కూడా ఇలాంటి సౌకర్యాలను కౌన్సిళ్లే స్వీకరించేలా ఉమ్మడి ప్రమాణాలు తప్పనిసరి చేయాలని సిఫారసు చేసింది.

కొనబోయేవాళ్లకు ఇంకో మాట. పాత ఇల్లు అమ్మేవారు 2008 డిసెంబరు నుంచి ఇంటి స్థితిగతులు, విలువ చెప్పే హోమ్ రిపోర్ట్ ఇవ్వాలి. కొత్త ఇళ్లకు ఆ నిబంధన లేదు. 3,50,000 పౌండ్ల ఇంటికి ఇల్లు కొన్నప్పుడు కట్టే ఎల్‌బీటీటీ పన్నే 8,350 పౌండ్లు అవుతుంది. మొదటి ఇల్లయితే అందులో 600 తగ్గుతుంది. అంత పెట్టేవాళ్లు షోహోమ్ అనే నమూనా ఇంట్లో వంటగది గ్రానైట్ చూసి రిజర్వేషన్ రుసుం కట్టేయకూడదు. ముందు కాలనీ షరతులన్నీ రాసి ఉండే డీడ్ ఆఫ్ కండిషన్స్ పత్రం అడిగి తీసుకోవాలి. పచ్చిక ఎవరి పేర ఉంది, ఫ్యాక్టర్‌ను ఎంతమంది ఓటుతో మార్చొచ్చు, 75వ సెక్షన్ ఒప్పందంలో బడి వాయిదా ఎన్నో ఇంటి దగ్గర ఉంది అన్నవి తెలుసుకోవాలి. ఆ ఒప్పందం బహిరంగ పత్రమే. బిల్డర్ సూచించిన సొలిసిటర్‌ను (న్యాయవాదిని) కాకుండా సొంతంగా ఒకరిని పెట్టుకుంటే ఈ ప్రశ్నలు నిర్మొహమాటంగా అడుగుతారు.

కానీ ఊరిని కొనుగోలుదారు జాగ్రత్త కట్టలేదు. 2032 నాటికి 1,10,000 అందుబాటు ధరల ఇళ్లు ఇస్తామన్న ప్రభుత్వమే 2024-25 బడ్జెట్‌లో ఆ పథకానికి 19 కోట్ల పౌండ్లకు పైగా కోత పెట్టింది. మరుసటి ఏడాది 76.8 కోట్లకు పెంచింది. ఇలా ఏడాదికో తీరుగా పోతే ఈ ఇళ్లు కట్టే లాభాపేక్ష లేని సంస్థల్లో (హౌసింగ్ అసోసియేషన్లలో) ఏది ధైర్యంగా ముందుకొస్తుంది? 2019 ప్రణాళికా చట్టం మౌలిక వసతుల కోసం లెవీ (ప్రత్యేక రుసుం) వసూలు చేసే అధికారాన్ని మంత్రుల చేతికిచ్చింది. ఎల్సిక్ తీర్పు మిగిల్చిన ఖాళీని పూడ్చగలిగిన సాధనం అది. పది కాలనీలు కలిసి వేసే భారానికి పది కాలనీల నుంచీ తలా కొంత తీసుకోవచ్చు. ఏడేళ్లలోగా నియమాలు తేకపోతే ఆ అధికారం దానంతటదే పోయేలా చట్టంలోనే రాశారు. నియమాలు లేకుండానే ఏళ్లు గడిచాయి. అలాంటి లెవీ ఒకటి తేవాలి. దాని మీద అప్పు తెచ్చుకునే వీలు కౌన్సిళ్లకు ఇవ్వాలి. వించ్‌బరా బడులకు కుదిరిన పూచీ ఒప్పందం పెద్ద కాలనీ ప్రతిదానికీ, బడితో పాటు క్లినిక్‌కూ స్టేషన్‌కూ కుదరాలి, అదీ మొదటి ఇంటికి పునాది తవ్వకముందే.