లక్ష అప్పుకు ఎంత వసూలు చేస్తే చాలు?

అక్క రిటైరైన టీచర్. పల్నాడులో సొంత ఊళ్లోనే ఉంటూ, రిటైర్మెంటు డబ్బులో కొంత నూటికి మూడు రూపాయల వడ్డీకి తిప్పుతుంది. తమ్ముడు బ్యాంకు ఉద్యోగి. పండక్కి వచ్చినవాడు అక్క లెక్కల పుస్తకం తిరగేస్తుంటే ఒక ప్రోనోటు దగ్గర మాట మొదలైంది. నా మొగ్గు తమ్ముడి వైపే. అయినా అక్క అన్నవాటిలో కొట్టిపారేయలేనివి ఉన్నాయి, వాటిని తగ్గించి రాయలేదు.

తమ్ముడు: ఈ నోటు ఒక్కటి చూడక్కా. 2019లో కౌలుకు మిర్చి వేసే ఆవిడకు లక్ష ఇచ్చావు. ఏడాదికి 36,000 వడ్డీ. మొదటి రెండేళ్లూ మిర్చి అమ్మగానే తెచ్చి కట్టింది. మూడో ఏడు నల్ల తామర పురుగు పడి తోటంతా పోయింది. వడ్డీ కట్టలేకపోతే దాన్ని కూడా అసల్లో కలిపి 1,36,000కి నోటు తిరగరాయించావు. అప్పట్నుంచి ఏడాదికి 48,960. అదీ రెండేళ్లు కట్టింది. మొత్తం 1,69,920. లక్ష తీసుకుని ఇంత కట్టిన మనిషి ఇంకా 1,36,000 బాకీ ఎలా ఉంటుంది?

అక్క: నోటు మీద సంతకం ఆవిడదే. పిలిచి ఇచ్చానా? మీ బ్యాంకు ఇస్తే నా గుమ్మం ఎక్కేదే కాదు. పొలం పాసుబుక్కు ఉన్నవాడికి పంట రుణం, టైముకు కడితే నాలుగు శాతమే. ఆవిడది కౌలు. పొలం గలాయన హైదరాబాదులో ఉంటాడు, ఆ పాసుబుక్కు మీద లోను ఆయనే తీసుకున్నాడు. 2019లో కౌలు రైతుల చట్టం తెచ్చారు, కార్డు ఇస్తామన్నారు. దానికి యజమాని సంతకం కావాలి. పెడితే పొలం చేజారుతుందేమోనని ఆయన పెట్టడు. ఇక మిగిలింది మిర్చి యార్డులో కమీషన్ ఏజెంటు. అప్పు ఇస్తాడు, పంట మాత్రం తన దగ్గరే అమ్మాలంటాడు. నా దగ్గర ఆ షరతు లేదు. వాళ్లాయన్ని రాత్రికి రాత్రి గుంటూరు ఆసుపత్రిలో చేర్చినప్పుడు కూడా తలుపు తీసింది నేనే.

తమ్ముడు: కౌలు రైతుల విషయంలో నువ్వన్నది నిజం. మా దగ్గర ఆ దరఖాస్తులు ఎలా పక్కకు పోతాయో రోజూ చూస్తున్నాను. దానికి నా దగ్గర సమాధానం లేదు. కానీ వేరే దారి లేక వచ్చింది కాబట్టి ఎంతైనా లాగొచ్చా? వేరే దారి లేనివాళ్ల దగ్గరే కదా చెయ్యి కాస్త వెనక్కి తీసుకోవాల్సింది! 2010లో మైక్రోఫైనాన్స్ కంపెనీల వాళ్లు ఇళ్ల ముందు కూర్చుని వసూలు చేస్తుంటే ఊరంతా తిట్టింది, నువ్వూ తిట్టావు. అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చింది. మరుసటి ఏడు రిజర్వు బ్యాంకు ఆ కంపెనీలకు 26 శాతం దాటకూడదని హద్దు పెట్టింది. నీది 36.

అక్క: వాళ్లతో నన్ను పోలుస్తావా? నేనెవరి ఇంటి ముందైనా కూర్చున్నానా? పరువు తీశానా? ఆ లక్షతో అప్పుడే బంగారం కొనుంటే ఇవాళ రెండింతలు దాటేది. అప్పుడు నువ్వు వచ్చి లెక్కలు అడిగేవాడివి కాదు.

తమ్ముడు: అడిగేవాణ్ని కాదు. బంగారం ధర పెరిగితే దాని కోసం ఎవరూ పుస్తెలు తాకట్టు పెట్టరు.

అక్క: పెద్ద మాటలొద్దు. ఫ్లాటుకు తక్కువైందని నా దగ్గర నాలుగు లక్షలు తీసుకున్నావు. ఐదేళ్లకు అదే నాలుగు లక్షలు తెచ్చిచ్చావు. రూపాయి వడ్డీ ఇచ్చావా?

తమ్ముడు: అమ్మ గొలుసు నీకే వదిలేశాను కదా.

అక్క: నువ్వు వదిలేదేంట్రా? అది అమ్మ చేతులారా నాకిచ్చింది. మీ ఆవిడ అప్పుడు ఏమందో ఇంకా మర్చిపోలేదు.

తమ్ముడు: ఆవిడ్ని లాగొద్దు. సరే, వడ్డీ ఇవ్వలేదు, ఒప్పుకుంటున్నాను. అదీ చూడు మరి. నెల నెలా జీతం వచ్చే నాకు ఊరికే ఇచ్చావు. వాన పడితేనో పడకపోతేనో పోయే పంట మీద బతికేదాని దగ్గర నూటికి మూడు. నా దగ్గర అడగడానికి మొహమాటపడ్డావు, అక్కడ పడలేదు. నువ్వు కష్టపడి కూడబెట్టిన డబ్బు, దాని మీద కొంత రావాలి, ఎవరు కాదన్నారు? ఎక్కడో ఒకచోట ఇంక చాలు అనుకోవాలి కదా. ఇది నేను కనిపెట్టిన లెక్క కాదు. మన ఊరు మద్రాసు రాష్ట్రంలో ఉన్నప్పుడు, రాజాజీ ప్రభుత్వం 1938లో రైతుల రుణ ఉపశమన చట్టం తెచ్చింది. పాత బాకీల్లో అసలుకు రెండింతలు కట్టేసిన రైతుకు ఇక బాకీ లేనట్టే. ఆ లెక్క ఈ నోటుకు వేస్తే ఆవిడ కట్టాల్సింది 30,080. తిరగరాసిన కాగితం కాదు, నువ్వు చేతిలో పెట్టిన లక్షే అసలు.

అక్క: ఎరువుల కొట్టాయనకు కూడా ఇదే లెక్కా? నా డబ్బుతో సరుకు దింపి, లాభం చేసుకుని, మొన్న కారు కొన్నాడు.

తమ్ముడు: ఆయనకెందుకు? ఆయన నీ వడ్డీని సరుకు ధరలో వేసుకుంటాడు. ఆవిడ ఎవరి మీద వేస్తుంది?

అక్క: (నోటు చేతిలోకి తీసుకుని, వెనక రాసిన చెల్లులన్నీ వేలితో ఒక్కొక్కటే కూడుతూ) లెక్క సరిగ్గానే చెప్పావు. ఈ మిర్చి అమ్మాక 30,080 తెమ్మంటాను, నోటు చించేస్తాను. మధ్యలో వడ్డీ వేయను. ఇక ముందు పంటకిచ్చేది రెండు రూపాయలకే. అంతకన్నా దిగను.

తమ్ముడు: రెండన్నా 24 శాతం అక్కా.

అక్క: కౌలు రైతుకు మీ బ్యాంకు నాలుగు శాతానికి ఇచ్చిన రోజున వచ్చి చెప్పు, ఈ పుస్తకం మూసేస్తాను.